ఊరి మాట విడువని పాటగాడు

పోర్టోరికో ద్వీపంలో వేగా బాహా అనే వూరు వుంది. పదేళ్ల కిందట ఆ వూరి సూపర్ మార్కెట్టులో, జనం కొన్న సరుకులను సంచుల్లో సర్ది యిచ్చే కుర్రవాడొకడు వుండేవాడు. కొంతసేపు కాలేజీ, కొంతసేపు యీ సంచుల కొలువు, తీరిక చిక్కితే పాట కట్టుకోవడం, ఇదీ అతని కాలక్షేపం. 2026 ఫిబ్రవరి 1 న, అమెరికాలో సంగీతానికి యిచ్చే గ్రామీ బహుమానాలలో తలమానికమైనది, ఆ యేటి ఉత్తమ ఆల్బమ్‌కు యిచ్చేది, ఆ కుర్రవాడికే వచ్చింది. ఆ ఆల్బమ్ స్పానిష్ భాషలో వుంది. గ్రామీలు మొదలై అరవై యేళ్లు దాటినా స్పానిష్ పాటలకు ఆ బహుమానం రావడం అదే మొదలు.

అతని అసలు పేరు బెనీతో ఆంతోనియో మార్తీనెస్ ఒకాసియో. 1994 మార్చి 10 న పుట్టాడు. తండ్రి లారీ నడిపేవాడు, తల్లి బడిలో పంతులమ్మ. పదమూడేళ్లు వచ్చేదాకా చర్చిలో పిల్లల బృందంతో కలిసి భక్తిగీతాలు పాడాడు. చిన్నతనంలో ఒకసారి అతనికి కుందేలు వేషం వేశారట. ఇష్టంలేని వేషం గనుక ముఖం ముటముటలాడించుకుని నిలబడితే ఎవరో ఫొటో తీశారు. పెద్దయ్యాక ఆ ఫొటో చూసుకుని, తనకు తానే 'బ్యాడ్ బన్నీ', అనగా చెడ్డ కుందేలు, అని పేరు పెట్టుకున్నాడు. లోకానికి అతను ఆ పేరుతోనే తెలుసు. అతను పాడే పాటల వరసను రెగ్గెటోన్ అంటారు.

మాది సోలాపూరు. మా తాత కరీంనగరం వైపునుంచి మగ్గం పనికి వచ్చి, యిక్కడ గిరణీలో చేరాడు (మిల్లును మేమిక్కడ గిరణీ అనే అంటాం). నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాను గాని, మా పేట రామభజన మండలిలో నలభై యేళ్లుగా ఢోలకు వాయిస్తున్నాను. ఇంజనీరింగు చదువుతున్న మా మనవడు ఫోనులో యీ పాటలు పెట్టుకుని గది వూడ్చుకుంటూ వుంటాడు. మాట ఒక్కటీ తెలియదు. అయినా నా చేతులు వూరుకోలేదు, ఎందుకంటే దరువు తెలిసింది.

ఎనిమిది మాత్రలను నాలుగూ నాలుగుగా గాక, మూడు, మూడు, రెండుగా విరిచి వాయించే దరువు అది. నోటితో చెప్పాలంటే తకిట, తకిట, తక. కింద పెద్ద డోలు సమంగా నాలుగు దెబ్బలూ వేస్తూ పోతుంటే పైన యీ విరుపు నడుస్తుంది. సమం ఒకచోట, విరుపు ఒకచోట పడుతుంటే మనిషి నడుము వూరకనే కదులుతుంది. ఇందులో మర్మమేమీ లేదు. బల్లమీద చేత్తో కొట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

ఈ దరువు ప్రయాణం చేసిన దారి చూస్తే నాకు మరీ ముచ్చటగా తోచింది. దీని పుట్టిల్లు జమైకా. అమెరికావారు 1904 నుంచి 1914 దాకా పనామా కాలువ తవ్వినప్పుడు బార్బడోస్, జమైకా దీవుల నుంచి వేలకు వేలు కూలీలు వెళ్లారు. పని అయిపోయినా చాలామంది అక్కడే వుండిపోయారు. వాళ్ల మనవలు, మునిమనవలు తాతల దేశపు దరువులకు పనామాలో తాము మాట్లాడే స్పానిష్ మాటలు కట్టి పాడడం మొదలుపెట్టారు. అక్కడినుంచి అది న్యూయార్కు చేరింది, పోర్టోరికో రాజధాని సాన్ హువాన్ చేరింది. కూటికోసం వెళ్లినవాళ్లు మూటలో ఏమి తీసుకుపోతారో మనకు ఒకరు చెప్పాలా?

సాన్ హువాన్‌లో దాన్ని ఆదరించింది సర్కారు కట్టించిన పేదల యిళ్ల సముదాయాలలోని కుర్రకారు. 1990 తర్వాత యిళ్లలోనే క్యాసెట్లలో పాడి నింపి, చేతులు మార్చుకునేవారు. పెద్దమనుషులకు కంపరం పుట్టింది. 1995 లో పోలీసులు పాటల దుకాణాలమీద పడి క్యాసెట్లు పట్టుకుపోయారు. 2002 లో ఆ నాట్యం అసభ్యమని శాసనసభలో విచారణలు జరిగాయి. పోలీసులు పట్టుకున్న సరుకుకు గిరాకీ పెరగకుండా వుంటుందా? 2004 లో డాడీ యాంకీ అనే అతను 'గాసొలీనా' అనే పాటతో యీ వరసను లోకమంతటా మోగించాడు. అతనూ అలాంటి పేదల యిళ్లలో పెరిగినవాడే. బేస్‌బాల్ ఆటగాడు కావలసినవాడు, కాలికి తుపాకి గుండు తగలడంతో పాటకు వచ్చాడు.

ఈ పాటల్లోని మాటల సంగతి దాచిపెట్టను. మనవడు కొన్నిటి అర్థం చెప్పబోయి సగంలో ఆగి, "వద్దులే తాతా" అన్నాడు. బెనీతో పాటల్లోనూ అలాంటివి కావలసినన్ని వున్నాయి. అవి నలుగురూ కూర్చుని వినేవి కావు, నేను వినమని చెప్పను. కాని మన పదాలనూ జావళీలనూ కూడా ఒకనాటి పెద్దమనుషులు చెవులు మూసుకునే విన్నారు. విన్నారు గదా!

అసలు సంగతికి వస్తాను. పోర్టోరికో నాలుగు వందల యేళ్లు స్పెయిన్ కింద వుండి, 1898 లో యుద్ధంలో అమెరికా చేతికి వచ్చింది. 1917 లో అక్కడివాళ్లకు అమెరికా పౌరసత్వం యిచ్చారు. అయినా ద్వీపంలో వుంటున్నంతకాలం దేశాధ్యక్షుడి యెన్నికలో వోటు లేదు. బళ్లలో పిల్లలకు ఇంగ్లీషులోనే పాఠాలు చెప్పాలని దాదాపు యాభై యేళ్లు రకరకాలుగా ప్రయత్నించారు. ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లీషు, పిల్లవాడికి రెండూ అరకొర. చివరకు 1949 లో మళ్లీ స్పానిష్ బోధన వచ్చింది. 1948 లో చేసిన ఒక చట్టం ప్రకారం సొంత జెండా యెగరేసినా నేరమే. దాన్ని 1957 లో గాని ఎత్తివేయలేదు. ఈనాడు ద్వీపంలో వున్నవాళ్లు సుమారు 32 లక్షలయితే, బతుకుతెరువుకు వెళ్లి అమెరికా ప్రధాన భూభాగంలో స్థిరపడిన పోర్టోరికోవాళ్లు అంతకంటె చాలా ఎక్కువ. ఊళ్లో వున్నవారికంటె పొరుగున వున్నవారు ఎక్కువన్నమాట.

ఇంతకూ వాళ్ల స్పానిష్‌ను తక్కిన స్పానిష్‌వాళ్లు ఆమోదిస్తారా అంటే అదీ లేదు. పోర్టోరికోవాళ్లు మాట చివరి 'స'కారాన్ని మింగేస్తారు. మాట మధ్యనో చివరనో వచ్చే 'ర'ను 'ల'గా పలుకుతారు. ఇంగ్లీషు ముక్కలు కలిపేస్తారు. "యిదేం స్పానిష్?" అని యితర దేశాలవాళ్లు ముక్కు విరుస్తారు. ఒకపక్క ఇంగ్లీషువాడు 'మా భాష నేర్చుకో' అంటాడు, యింకోపక్క సొంతభాషవాడు 'నీది మా భాషే కాదు' అంటాడు.

ఈ రెండో మాట యెంత గుచ్చుకుంటుందో మన పాఠకులకు తెలుసు. నా చెల్లెలు కొన్నేళ్ల క్రితం కరీంనగరం దగ్గర ఒక పల్లెకు పెళ్లికి వెళ్లింది. వడ్డన దగ్గర సాయం చేస్తూ, "భాకర్లు ఖోలీల మూతపెట్టి వుంచిన" అంది. జొన్నరొట్టెలు గదిలో పెట్టానని. అంతే, ఒక పెద్దముత్తైదువ, "యిది యే దేశపు తెలుగమ్మా!" అని పకపక నవ్వింది. ఆమెతో పాటు మరి నలుగురు. చెడ్డ మనస్సుతో నవ్వలేదు, పెళ్లింట్లో నవ్వులాట. కాని ఆ తర్వాత పెళ్లి అయ్యేదాకా, మూడు రోజులూ, మా చెల్లెలు హిందీలో మాట్లాడింది. తెలుగుగడ్డమీద, తెలుగువాళ్ల మధ్య, తెలుగు తప్ప యింట్లో వేరొకటి మాట్లాడని మనిషి! హోసూరు, మధుర, బరంపురం వైపు పాఠకులకు యిలాంటివి యెన్ని అనుభవాలో.

అందుకే, యీ కుర్రవాడి పాటల పేర్లను మనవడు వరసగా చదివి చెబుతుంటే నేను ఢోలకు పక్కన పెట్టి విన్నాను. న్యూయార్కును స్పానిష్‌లో 'నువేవా యోర్క్' అంటారు. అతను పాటకు పేరు పెట్టింది 'నువేవాయోల్' అని. వాళ్ల వాడకట్టులో యెలా పలుకుతారో అలా. 'నిజంగదూ' అనడానికి 'బెర్దాద్' అని రాయాలి. అతను 'బెల్దా' అని పలికేది పలికినట్లే అచ్చువేయించాడు. గ్రామీ వచ్చిన ఆల్బమ్ పేరు 'దెబీ తిరార్ మాస్ ఫోతోస్', యింకా కొన్ని ఫొటోలు తీసుకుని వుండవలసింది అని అర్థం. స్పెయిన్‌వాళ్లు ఫొటో తీయడాన్ని మామూలుగా యిలా అనరు. 'తిరార్' అంటే విసరడం. ఫొటో 'విసరడం' అనేది ఆ దీవుల వాడుక. ఇంగ్లీషుకు మారకపోవడం ఒక ఎత్తు, తమ వాడుకను దిద్దుకుని మంచి స్పానిష్‌కు మారకపోవడం యింకొక ఎత్తు. ఆ రెండోదే నాకు ఎక్కువ గొప్పగా తోస్తుంది.

అతను పైకి వచ్చిన క్రమం చెప్పాలి గదా. 2016 లో, ఎవరు పడితే వారు తమ పాట పెట్టుకోగల సౌండ్‌క్లౌడ్ అనే చోట 'దీలెస్' అనే పాట పెట్టాడు. దాన్ని ఒక రికార్డుల కంపెనీ నడిపే డీజే లూయియాన్ విని, పిలిచి, తన కంపెనీలో చేర్చుకున్నాడు. తర్వాత రెండేళ్లూ పెద్ద పాటగాళ్ల పక్కన చరణమో రెండు చరణాలో పాడడం. 2018 లో కార్డీ బీ అనే అమెరికా గాయనితో, కొలంబియా పాటగాడు జె. బాల్విన్‌తో కలిసి పాడిన పాట అమెరికా పట్టికలో మొదటి స్థానానికి పోయింది. ఆ యేడు చివర్లో సొంత ఆల్బమ్ వచ్చింది. 2020 నవంబరులో విడుదలైన ఆల్బమ్, పూర్తిగా స్పానిష్‌లో వుండి బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానం పొందినవాటిలో మొట్టమొదటిది. 2022 నాటిది అక్కడ మొత్తం 13 వారాలు కూర్చుంది. స్పాటిఫైలో ప్రపంచమంతటా ఎక్కువగా విన్నది యెవరి పాటలయ్యా అంటే 2020, 2021, 2022 మూడేళ్లూ యితనివే. 2025 లో మళ్లీ యితనివే.

ఇది వొట్టి ప్రతిభ వల్ల జరిగిందని నేననను. వెనుకటి రోజుల్లో అమెరికాలో ఏ పాట మోగాలో రేడియో స్టేషనులవాళ్లు నిర్ణయించేవారు. వాళ్లకు ఇంగ్లీషు కావాలి. అందుకని స్పానిష్ పాటగాడు పైకి రావాలంటే ఇంగ్లీషులో ఒక ఆల్బమ్ పాడి తీరాలన్నది లోకరీతి. 2017 లో 'దెస్పాసీతో' అనే స్పానిష్ పాట అంత మోగినా, అమెరికా పట్టికలో శిఖరం చేరింది జస్టిన్ బీబర్ వచ్చి కొంత ఇంగ్లీషు కలిపిన తర్వాతనే. ఇప్పుడు మనిషి చేతిలో ఫోనుంది. మెక్సికోలో విన్నా, చిలీలో విన్నా, న్యూయార్కు మురికి సందులో విన్నా ప్రతి వినికిడీ లెక్కకు వస్తోంది. స్పానిష్ మాట్లాడేవాళ్లు లోకంలో యాభై కోట్లకు దగ్గరగా వున్నారు. చిన్న ద్వీపమే గాని చిన్న భాష కాదు. సోలాపూరు కుర్రవాడు భజన పాడితే అంత వింటారని నేను ఆశపడను.

అయినా అతను ఇంగ్లీషును ఎప్పుడు వాడుకున్నాడో చూడండి. 2017 సెప్టెంబరు 20 న మరియా తుపాను ఆ ద్వీపాన్ని చదును చేసింది. చనిపోయింది 64 మంది అని సర్కారు చాలాకాలం చెప్పింది. 2018 ఆగస్టులో ఆ లెక్క 2,975 కు మారింది. కొన్ని ప్రాంతాలకు నెలల తరబడి కరెంటు లేదు. సరిగా యేడాది తర్వాత, 2018 సెప్టెంబరులో, అమెరికా టెలివిజనులో అతనికి మొదటిసారి పాడే అవకాశం వచ్చింది. పాటకు ముందు నాలుగు మాటలు ఇంగ్లీషులో చెప్పాడు: యేడాదయినా దీపాలు లేని యిళ్లు వున్నాయనీ, మూడువేలమంది పోయారనీ, అధ్యక్షుడు యింకా ఒప్పుకోవడం లేదనీ. తరువాత స్పానిష్‌లో పాడాడు. అవతలివాడికి తెలియవలసింది అవతలివాడి భాషలో, తనది తన భాషలో. 2019 జూలైలో గవర్నరు రాజీనామా చేయాలని జనం వీధుల్లోకి వస్తే, యూరపులో కచేరీలు మధ్యలో ఆపి వచ్చి వాళ్లతో నడిచాడు. ఆ గవర్నరు దిగిపోయాడు.

2023 ఫిబ్రవరిలో గ్రామీ ఉత్సవానికి నాందిగా అతని పాటే పెట్టారు. చెవిటివారి సౌకర్యార్థం తెర అడుగున మాటలు అక్షరాలలో వేస్తారు గదా. అతను స్పానిష్‌లో పాడుతుంటే అక్కడ పడిన అక్షరాలు: ఇంగ్లీషు కాని భాషలో పాడుతున్నాడు, అని. కోట్లమంది మాట్లాడే భాషకు పేరైనా పెట్టలేదు! తర్వాత గొడవ జరిగి, టెలివిజనువాళ్లు తప్పు ఒప్పుకున్నారనుకోండి. 2025 అక్టోబరులో అతను ఒక హాస్య కార్యక్రమంలో స్పానిష్‌లో నాలుగు మాటలు చెప్పి, అర్థంకానివాళ్లకు నేర్చుకోవడానికి నాలుగు నెలల గడువు వుందని ఇంగ్లీషులో చురక వేశాడు. అమెరికావాళ్ల ఫుట్‌బాల్ పెద్ద పండుగ సూపర్ బౌల్ మధ్యవిరామంలో అప్పటికి నాలుగు నెలలకు అతను పాడాలి. 2026 ఫిబ్రవరి 8 న పాడాడు, తన భాషలోనే.

ఆ గ్రామీ ఆల్బమ్ 2025 జనవరి 5 న వచ్చింది. అందులో రెగ్గెటోన్ ఒక్కటే కాదు, ద్వీపపు పాత వరసలు ప్లేనా, సాల్సా వున్నాయి. ప్రభుత్వ సంగీత పాఠశాలలో చదువుకునే పిల్లలచేత వాయింపించాడు. అట్టమీద అతని బొమ్మ లేదు. అరటిచెట్ల ముందు రెండు తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు, ఖాళీగా. మన యిళ్ల ముందు వుండేవే. ఆ వేసవిలో పరదేశాలకు తిరగకుండా సాన్ హువాన్‌లోనే 31 రాత్రులు పాడాడు. మొదటి తొమ్మిది రాత్రులకు టిక్కెట్లు ద్వీపంలో కాపురం వుండేవాళ్లకు మాత్రమే. చివరి రాత్రి సెప్టెంబరు 20, తుపాను వచ్చిన రోజు.

పాట వల్ల దీపాలు వెలగవనే సంగతి అతనికీ తెలుసు. ఆల్బమ్ రావడానికి అయిదు రోజుల ముందు, 2024 డిసెంబరు 31 తెల్లవారుజామున, ద్వీపం దాదాపు అంతా చీకటి. 2025 ఏప్రిల్ 16 న మళ్లీ అంతా చీకటి. పన్ను రాయితీల కోసం వచ్చిన ధనికులు సముద్రపు ఒడ్డున యిళ్లు కొంటుంటే అద్దెలు పెరిగి వూరివాళ్లు పొరుగుకు పోతున్నారు. అతని పాటల్లో యీ గోడు వుంది.

ఆల్బమ్‌తో పాటు చిన్న చిత్రం ఒకటి తీశారు. అందులో ముసలాయన వేషం వేసింది హకోబో మొరాలెస్ అనే ఆ దేశపు ప్రసిద్ధ దర్శకుడు. అప్పటికి ఆయనకు 90 యేళ్లు. ఇంట్లో ఆయనకు తోడు ఒక మాట్లాడే కప్ప, ఆ ద్వీపంలో తప్ప యింకెక్కడా పుట్టని జాతి. ముసలాయన నెమ్మదిగా నడుచుకుంటూ తన పేటలోని రొట్టెల దుకాణానికి వెళతాడు. దుకాణం మారిపోయింది. స్పానిష్‌లో అడిగితే ఇంగ్లీషులో జవాబు. ధరలు మండిపోతున్నాయి. పైగా నోట్లు పుచ్చుకోరట. ముసలాయన నోట్లు చేతిలో పట్టుకుని నిలబడతాడు. పక్కనున్న వూరి కుర్రవాడొకడు ఆయన డబ్బు తానే చెల్లించి, మనమింకా యిక్కడే వున్నాం అని అర్థం వచ్చే మాట ఒకటి అంటాడు.

దీన్ని మా చెల్లెలికి చూపించాను. ఆమెకు ఇంగ్లీషూ రాదు, స్పానిష్ అసలే రాదు. దుకాణంలో ముసలాయన నోట్లు పట్టుకుని నిలబడ్డచోట, "చూడు, వీని నోరు పడిపోను!" అని కౌంటరువాణ్ణి తిట్టింది. అంతా అయ్యాక చాలాసేపు వూరుకుని, "ఆ తాత ఖోలీల ఒక్కడే వుంటడా?" అంది.

కప్ప తోడుంది గదా అన్నాను.